కంచం ముందు పిల్ల

సాయంత్రం కాలేజీ నుంచి వచ్చిన పిల్ల సంచీలోంచి కారేజీ తీసి కడగబోయిన తల్లికి, అది పొద్దున తాను సర్ది యిచ్చినంత బరువుగానే తగిలింది.

"ఏమ్మా, అన్నం తినలేదా?"

"తిన్నానమ్మా. క్యాంటీనులో ఏదో తిన్నాను. ఆకలి వెయ్యలేదు."

తల్లి కోప్పడింది. మరునాటి నుంచి కారేజీ ఖాళీగా రావడం మొదలుపెట్టింది. తల్లి సంతోషించింది. ఆ అన్నమంతా కాలేజీ గోడ పక్కన కుక్కల పాలవుతోందని ఆవిడకు తెలిసేసరికి ఆరు నెలలు పట్టింది.

ఈ సంసారం మియాపూరులో వున్నదనుకోండి. మెట్రో రైలు చివరి స్టేషను అదే. 2017 నవంబరులో ఆ రైలు నడవడం మొదలైన తరువాత, ఒకప్పుడు చెరువు గట్లూ పొలాలూ వుండే ఆ చుట్టుపక్కల మేడ మీద మేడ లేచింది. తండ్రికి మాధాపూరులో కంప్యూటరు వుద్యోగం, తల్లికి బ్యాంకు. భీమవరం వైపు నుంచి వచ్చిన అమ్మమ్మ యింట్లోనే వుంటుంది. పిల్ల ఇంటర్మీడియట్ చదువుతున్నది. ఫలానా వారి అమ్మాయి అని పాఠకులు వెతకనక్కరలేదు. వైద్యులు తమ పుస్తకాలలో విడివిడిగా రాసుకునే సంగతులను ఒకచోట చేర్చి, మన వీధిలోకి తెచ్చి కూర్చోబెట్టిన పిల్ల ఈమె.

పదిహేనో ఏట ఆ అమ్మాయి చిక్కడం మొదలుపెట్టింది. ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరేది కాదు. రాత్రి మూడు నాలుగుసార్లు లేచేది. పరీక్షల బెంగ అనుకున్నారు ఇంట్లో. ఆ నెలలోనే చుట్టాలింట పెళ్లి జరిగింది. "ఎంత నాజూగ్గా తయారయ్యావే!" అని పిన్నులూ అత్తయ్యలూ చుట్టూ చేరి మెచ్చుకున్నారు. పుట్టి బుద్ధెరిగిన తరువాత ఆ పిల్ల అంతమంది చేత మెప్పు పొందింది ఆ ఒక్కరోజే. పది రోజుల తరువాత వాంతులతో, ఆయాసంతో ఆస్పత్రిలో చేర్చారు. టైప్ 1 మధుమేహం అన్నారు.

ఇన్సులిను పడగానే పోయిన కండ తిరిగి పట్టింది. అది ఆరోగ్యం. కాని అద్దం ముందు నిలబడ్డ పిల్లకు అది ఆరోగ్యంలాగా కనిపించలేదు. మెచ్చుకున్న అత్తయ్యే మళ్లీ వచ్చి, "మందులకి కాస్త వొళ్లొచ్చినట్టుందే!" అన్నది. ఆవిడకు ఏ పాపమూ తెలియదు. అప్పుడు పిల్లకు ఒక సంగతి తట్టింది: సూదిమందు మానితే సన్నబడవచ్చు. ఎవరూ నేర్పక్కరలేదు, ఒకసారి అనుభవమైంది కదా.

ఇందులో రెండు జబ్బులున్నాయి. ఒకటి వొంటిది, రెండోది మనసుది. రెండూ ఒకే వయసులో, ఒకే పిల్లను పట్టుకోవడం కద్దు. అలా పట్టుకున్నప్పుడు ఒకదాని వెనక మరొకటి దాక్కుంటుంది.

మొదటి రకం జబ్బుకు మన తెలుగు సామెత ఒకటి సరిగ్గా అమరుతుంది: కంచే చేను మేయడం. శరీరంలో బయటి క్రిములతో పోరాడడానికి ఒక కాపలాదళం వున్నది. ఏ కారణం చేతనో అది పరాయిదేదో సొంతదేదో గుర్తించలేక, సొంత అవయవం మీదే పడుతుంది. దీన్నే వైద్యులు ఆటోఇమ్యూన్ జబ్బు అంటారు. ఇన్సులిను తయారుచేసే కణాల మీద పడితే టైప్ 1 మధుమేహం. మెడలోని థైరాయిడు గ్రంథి మీద పడితే, 1912లో జపాను వైద్యుడు హషిమొటో వర్ణించిన జబ్బు. ఇవాళ మన వీధుల్లో పొద్దున్నే పరగడుపున మాత్ర వేసుకునే ఆడవారిలో చాలామందికి వున్నది అదే. పేగుల మీద పడితే సీలియాక్ జబ్బు, కీళ్ల మీద పడితే కీళ్లవాతం. చర్మం, మూత్రపిండాలు, రక్తం అన్నిటినీ ఏకంగా పట్టుకునే లూపస్ మరొకటి. వీటిలో చాలా భాగం ఆడపిల్లలకే ఎక్కువ. కొన్ని సరిగ్గా ఈడు వచ్చే రోజుల్లోనే తలెత్తుతాయి.

రెండోది తిండికి సంబంధించిన మానసిక రుగ్మత. లావైపోతానన్న భయంతో కడుపు మాడ్చుకోవడం ఒక తీరు. దీనికి అనొరెక్సియా నెర్వోజా అని లండను వైద్యుడు విలియం గల్ పేరు పెట్టి నూట యాభై ఏళ్లు దాటింది. అతిగా తిని, ఆనక వాంతి చేసుకోవడం మరో తీరు. ఇది ఫ్యాషనూ కాదు, మొండితనమూ కాదు. ప్రాణం తీసే మానసిక వ్యాధులలో ఇది ముందు వరుసలో వుంటుంది.

ఈ రెండింటి సంబంధం లెక్క తేలింది ఇటీవలనే. డెన్మార్కులో 1989 నుంచి 2006 వరకు పుట్టిన 9 లక్షల 30 వేల పైచిలుకు పిల్లల వైద్య రికార్డులు తిరగేసి 2017లో ప్రకటించారు. ఇలాంటి జబ్బు వున్న పిల్లలకు తరువాత అనొరెక్సియా వచ్చే అవకాశం మిగతావారికంటె 36 శాతం ఎక్కువ. తిని కక్కుకునే బులీమియా వచ్చే అవకాశం 73 శాతం ఎక్కువ. ఫిన్లండువారు 2014లో రెండో వైపునుంచి లెక్క చూశారు. తిండి రుగ్మతకు చికిత్స పొందిన 2,342 మందిలో నూటికి దాదాపు 9 మందికి ఆటోఇమ్యూన్ జబ్బు వున్నది. పోల్చి చూసిన మామూలు మనుషులలో నూటికి 5 మందికి మాత్రమే. ఈ అంకెలు చూసి మధుమేహం వున్న ప్రతి పిల్లా అన్నం మానేస్తుందని భయపడనక్కరలేదు. చాలామంది మానరు. పైగా వెంట నడిచినదల్లా కారణం కాదు. కాని ఒకటి వున్న యింట్లో రెండోదాని మీద ఓ కన్ను వేసి వుంచాలన్నది తేలింది.

ఇక్కడ వంద సంవత్సరాల కిందటి కథ ఒకటి చెప్పాలి.

అమెరికాలో ఎలిజబెత్ హ్యూస్ అనే అమ్మాయి వుండేది. ఆమె తండ్రి చార్లెస్ ఇవాన్స్ హ్యూస్ ఆ దేశపు విదేశాంగ మంత్రి. పదకొండేళ్ల వయసులో, 1919లో ఆమెకు మధుమేహం వచ్చింది. అప్పటికి ఇన్సులిను లేదు. జబ్బు తేలిన పిల్లలు మహా అయితే ఏడాదో రెండేళ్లో బతికేవారు. ఫ్రెడరిక్ ఆలెన్ అనే వైద్యుడు ఒక్కటే దారి చెప్పాడు: తిండి పెట్టకపోవడం. పెట్టింది తూకం వేసి పెట్టడం, చక్కెర కనిపిస్తే ఉపవాసం. మంత్రిగారి కూతురు, ఏమి కావాలన్నా వచ్చే యిల్లు. ఆకులూ, గుడ్లూ, కాస్తంత మాంసం లెక్కపెట్టుకు తిని, మూడేళ్లు ఎముకల మీద బతికింది. ఆలెన్ క్రూరుడు కాదు. ఎవరైనా మందు కనిపెట్టేదాకా ప్రాణం నిలబెట్టడమే ఆయన ఆలోచన. ఆ మందు కెనడాలో టొరాంటో నగరంలో 1921లో దొరికింది. 1922 జనవరిలో లెనార్డ్ థామ్సన్ అనే కుర్రవాడికి మొదటిసారి యిచ్చారు. ఆ ఆగస్టులో ఎలిజబెత్‌ను తల్లి టొరాంటో తీసుకువెళ్లి డాక్టరు బాంటింగ్ ముందు నిలబెట్టినప్పుడు, పదిహేనో ఏడు నిండబోతున్న ఆ పిల్ల బరువు 45 పౌన్లు, అనగా 20 కిలోలు. మన యిళ్లలో ఆరేళ్ల పిల్లవాడి బరువు! సూది పడింది, రొట్టె తిన్నది, వారాల్లో మనిషయింది. చదువుకున్నది, పెళ్లి చేసుకున్నది, ముగ్గురు పిల్లల్ని కన్నది, 1981 దాకా బతికింది.

ఈ కథలో నాకు ఎప్పుడూ గుర్తుండేది చివరి ముక్క. ఆమె తన జబ్బు సంగతి జీవితమంతా దాచింది. ఎంతో దగ్గరివారికి కూడా తెలియనివ్వలేదు. మంత్రి కూతురు అమెరికాలోనే దాచుకుంటే, సంబంధాలు చూడవలసిన మన మధ్యతరగతి తల్లిదండ్రులు "ఎవరితోనూ అనకే" అని పిల్లకు నూరిపోయడంలో వింతేముంది! కాని ఆ "అనకే" అనే మాటే పిల్లకు దాచడమెలాగో నేర్పుతుంది. సూదిమందు వేసుకోవడానికి కాలేజీ మరుగుదొడ్డిలోకి వెళ్లే పిల్ల, వేసుకోకుండా బయటికి వస్తే మాత్రం ఎవరికి తెలుస్తుంది?

ఎలిజబెత్‌కు పస్తు వైద్యుడు పెట్టాడు, ప్రాణం కోసం. ఇవాళ ఇన్సులిను అంగట్లో దొరుకుతున్న రోజుల్లో మన పిల్ల తానే ఆ పస్తు తిరిగి తెచ్చుకుంటున్నది. ఇన్సులిను లేకపోతే తిన్న అన్నం చక్కెరై మూత్రంలో పోతుంది; వొంట్లోని కొవ్వూ కండా కరిగి నెత్తురు ఆమ్లమవుతుంది. అమెరికాలోని బోస్టనులో మధుమేహం వున్న 234 మంది ఆడవారిని పదకొండేళ్లు కనిపెట్టి చూసి 2008లో ప్రకటించారు. మొదట్లో నూటికి ముప్ఫై మంది ఇన్సులిను తగ్గించి వేసుకుంటున్నట్లు ఒప్పుకున్నవారే. వారిలో మరణాలు మిగతావారికంటె మూడు రెట్లు. చనిపోయినవారి సగటు వయసు, మందు సరిగా వేసుకున్నవారిలో 58, తగ్గించినవారిలో 45. ఇంగ్లండులో తాను స్వయంగా ఈ మధుమేహం కలిగిన మాజీ ప్రధాని థెరిసా మే, మరో సభ్యుడు జార్జ్ హావర్త్ కలిసి ఈ విషయం మీదే విచారణ జరిపి, 2024 జనవరిలో నివేదిక యిచ్చారు. మధుమేహం ఒక డాక్టరు, మనసు మరొక డాక్టరు చూసుకోవడం వల్ల పిల్లలు మధ్యలో జారిపోతున్నారని అందులో గట్టిగా చెప్పారు.

అసలీ పిల్లకు తిండి మీద ఇంత గురి ఎలా కుదిరింది? మధుమేహం వచ్చిన నాటినుంచి ఆమెకు అన్నం అన్నం కాదు, లెక్కల పుస్తకం. ఇడ్లీకి ఇంత పిండిపదార్థం, కప్పు అన్నానికి ఇంత, దానికి ఇన్ని యూనిట్ల మందు. ఈ లెక్క తప్పనిసరి. లేకపోతే చక్కెర అదుపులో వుండదు. కాని రోజుకు నాలుగుసార్లు కంచంలోని ప్రతి ముద్దకూ మార్కులు వేసే అలవాటు, ఈడు వచ్చిన పిల్ల చేతిలో ఎటు తిరుగుతుందో చెప్పలేము. ఎదిగే వయసులో వొంట్లో ఇన్సులిను పనితనం మందగించి, మోతాదు పెంచవలసి రావడం కూడా మామూలే. ఆ పెంపును పిల్ల తన తప్పుకింద రాసుకుంటుంది.

ఇంకొక కారణం వున్నది. ఆకలి తానే మనసును మార్చగలదు. రెండో ప్రపంచయుద్ధం చివర, మినెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు ఆరోగ్యవంతులైన 36 మంది యువకులకు, వారి సమ్మతితోనే, ఆరు నెలలపాటు సగం తిండి పెట్టాడు. బరువులో నాలుగో వంతు పోయింది. వారు కలహాలకు దిగారు. వంటల పుస్తకాలు పోగుచేశారు. ఒక్కొక్క ముద్దను గంటలకొద్దీ సాగదీసి తిన్నారు. కొందరు, తిండి తిరిగి పెట్టిన తరువాత కూడా ఆపలేక తిని జబ్బుపడ్డారు. వారెవరికీ అంతకుముందు తిండి జబ్బు లేదు, అద్దం పిచ్చి లేదు. దీన్నిబట్టి, పేగుల జబ్బో మధుమేహమో పిల్లను నాలుగు నెలలు చిక్కించిందంటే, ఆ చిక్కడమే రెండో జబ్బుకు తలుపు తీయవచ్చునని తోస్తుంది.

పేగుల సంగతికి వస్తే చిక్కు మరింత ముడిపడుతుంది. క్రోన్ అనే వైద్యుడు 1932లో న్యూయార్కులో వర్ణించిన పేగుల వాపు జబ్బు ఒకప్పుడు దొరలదనుకునేవారు; ఇవాళ గచ్చిబౌలిలోని పెద్ద జీర్ణకోశ ఆస్పత్రిలో తెలుగువాళ్లే దానికి చికిత్స చేయించుకుంటున్నారు. తింటే కడుపు మెలిపెడుతుంది, కాబట్టి పిల్ల తినడం మానుతుంది. సన్నబడాలని కాదు, నొప్పికి భయపడి. ఇలా భయంతో మానే రకానికి వైద్యులు 2013 నుంచి వేరే పేరే పెట్టారు. అటు కొందరు పిల్లలను, అసలు పేగుల జబ్బున్నా, "ఇది మనసులోది" అని కొట్టిపారేసిన సందర్భాలూ వున్నాయి. స్వీడనులో 17 వేలమందికి పైగా సీలియాక్ జబ్బు వున్న స్త్రీల రికార్డులు చూస్తే, ఆ జబ్బు తేలకముందే అనొరెక్సియా ముద్ర పడినవారు మామూలుకంటె రెట్టింపు కనిపించారు. సీలియాక్ వున్నవారికి గోధుమ విషం. అన్నం తినే దక్షిణాదిలో అది అరుదే. మన దేశంలో 2016లో ప్రకటించిన పరిశీలనలో ఉత్తరాదిని నూటికి 1.23 మందికి వుంటే, దక్షిణాదిని వెయ్యికి ఒక్కరికి వున్నది. అయితే మియాపూరులో ఉత్తరాదివారు ఎందరో వున్నారు. మన యిళ్లలోనూ రాత్రిపూట అన్నం పోయి పుల్కా వచ్చింది.

మందులు కూడా కొంత కథ నడుపుతాయి. లూపస్‌కూ, కీళ్లవాతానికీ, పేగుల వాపుకూ స్టెరాయిడ్లు ప్రాణం పోస్తాయి. కనిపెట్టిన హెంచ్, కెండాల్, రైక్‌స్టైన్లకు 1950లో నోబెల్ బహుమానం వచ్చింది కూడా. కాని ఆ మాత్రలు ఆకలి పెంచి, మొహాన్ని పున్నమి చంద్రుడిలా గుండ్రం చేస్తాయి. చందమామ వంటి మొహం అని కవులు మెచ్చుకున్నదాన్నే పదహారేళ్ల పిల్ల సెల్‌ఫోనులో చూసుకుని ఏడుస్తుంది. ఆ ఏడుపులో తిండి తగ్గిస్తుంది, లేదా ఎవరితోనూ చెప్పకుండా మాత్ర మానేస్తుంది. ఎక్కువ రోజులు వాడిన స్టెరాయిడును హఠాత్తుగా మానడం ప్రాణం మీదికి తెస్తుంది. ఈ ఒక్క సంగతి మాత్రం పిల్లకు మొదటి రోజే విప్పి చెప్పి తీరాలి.

కీళ్లవాతం పిల్లలకు యిచ్చే మెథోట్రెక్సేట్ అనే పసుపుపచ్చ మాత్ర మరొక విచిత్రం. వారానికి ఒకటే. కాని కొందరు పిల్లలకు ఆ పసుపు రంగు చూస్తేనే కడుపులో తిప్పుతుంది. మాత్ర వేసుకునే రోజు అన్నం సహించదు. ఆ మందు వెనక వున్న మనిషి మన అమ్మమ్మ వూరివాడే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేయించి, దానికి విరుగుడుగా పనిచేసే ఈ జాతి మందులను కూడా వెలికి తెచ్చారు. యవ్వనంలో ఆయన తిన్నది వొంటబట్టనివ్వని స్ప్రూ అనే పేగుల జబ్బుతో చావు తప్పి బయటపడ్డవారు. ఇవాళ మెథోట్రెక్సేట్ వాడే పిల్లకు, దాని బాధలు తగ్గించడానికి డాక్టర్లు ఫోలిక్ ఆమ్లం కూడా రాస్తారు. మందూ ఆయన శాల నుంచే, ఉపశమనమూ ఆయన శాల నుంచే. 1948లో యాభై మూడేళ్లకే కన్నుమూశారు.

ఇంతవరకూ ఆడపిల్ల అనే రాశాను గాని, మగపిల్లలు దీనికి అతీతులు కారు. కుర్రవాడు చిక్కితే "జిమ్ముకు పోతున్నాడు" అని తండ్రి మురిసిపోతాడు, అంతే తేడా.

మరి ఇంట్లో వాళ్లు దేన్నిబట్టి కనిపెట్టాలి? కారేజీ సంగతి చెప్పాను. మూడు నెలల సగటు చక్కెర కారణం లేకుండా పెరుగుతూ పోవడం, బరువు తగ్గుతూ పోవడం, రెండూ ఒకేసారి జరిగితే అనుమానించాలి. ఇన్సులిను సీసా అయిపోవలసిన రోజుకు అయిపోకపోవడం, మాటిమాటికీ ఆస్పత్రిపాలు కావడం, నలుగురిలో కూర్చుని తినకుండా "తరువాత తింటా" అనడం, నెలసరి ఆగిపోవడం, భోజనం కాగానే స్నానాలగదిలో కుళాయి తిప్పి వుంచడం కూడా ఇలాంటివే. శనివారం ఒంటిపొద్దు, శుక్రవారం ఉపవాసం అని పిల్లకు అకస్మాత్తుగా భక్తి ముంచుకు వచ్చినా ఒకసారి ఆలోచించండి. దేవుడు తప్పు పట్టడు. వాంతులు, కడుపునొప్పి, లోతైన ఆయాసం, నోట పండిన పండు వాసన కలిసి వస్తే మాత్రం ఆలోచనలు మాని అప్పటికప్పుడు ఆస్పత్రికి పరుగెత్తాలి. తిండి తినని రోజున కూడా టైప్ 1 పిల్లకు ఇన్సులిను పూర్తిగా ఆపరాదు. మోతాదు ఎంతన్నది డాక్టరును అడగాలి.

తెలిసింది కదా అని కూర్చోబెట్టి కుక్కి పెట్టడమూ ప్రమాదమే. బాగా మాడిన శరీరానికి ఒక్కసారిగా నిండుగా పెడితే రక్తంలో లవణాలు తారుమారై గుండె ఆగవచ్చు. ఆ మొదటి రోజులు ఆస్పత్రిలో గడవవలసినవి. ఆ తరువాతి పని ఎక్కువగా ఇంట్లోదే. లండనులోని మాడ్‌స్లీ ఆస్పత్రివారు 1980 దశకంలో తీర్చిన పద్ధతి ఒకటి చిన్నవయసు పిల్లలకు బాగా పనిచేస్తున్నది. కొంతకాలం ఏమి తినాలి, ఎంత తినాలి అన్నది పిల్లకు వదలరు. తల్లిదండ్రులు పక్కన కూర్చుని, తిట్టకుండా, బతిమాలకుండా, తినేదాకా లేవకుండా పెడతారు. తప్పు పిల్లది కాదు, జబ్బుది అన్నది అక్కడి మొదటి సూత్రం. లండను పేరు విని వింతగా తోచవచ్చుగాని, గోరుముద్దలు పెట్టిన దేశంలో ఇది కొత్త విద్య కాదు. మధుమేహం వున్న పిల్ల విషయంలో ముద్దతోపాటు సూదిమందు కూడా పెద్దవాళ్ల కళ్ల ముందే పడాలి.

మనసు డాక్టరు దగ్గరికి అనేసరికి మన వాళ్లు వెనకాడతారు. "ఎర్రగడ్డ" అన్న వూరిపేరునే మనం తిట్టుగా చేసుకున్నాం గనుక! మియాపూరులో రైలెక్కితే, ఎక్కిన స్టేషనుతో కలిపి ఎనిమిదోది ఎర్రగడ్డ. ప్రభుత్వ మానసిక వైద్యాలయం అక్కడున్నది. పన్నెండోది పంజాగుట్ట, నిమ్స్ ఆస్పత్రి అక్కడున్నది. ఒకే టిక్కెట్టు మీద పోయే దారే. ఒక డాక్టరు రాసిన కాగితం రెండోవారికి చూపించడం, చక్కెర చూసేవారికి తిండి సంగతి, తిండి సంగతి చూసేవారికి చక్కెర సంగతి నోరు విప్పి చెప్పడం తల్లిదండ్రులే చెయ్యాలి. డబ్బు విషయంలో ఒక వెసులుబాటు వున్నది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం బీమా కంపెనీలు శరీర వ్యాధులకు యిచ్చినట్లే మానసిక వ్యాధులకూ బీమా యివ్వాలి. పాలసీ కాగితం ఆ పేజీ దాకా చదివేవారు తక్కువ. ఎవరినడగాలో తోచనివారికి 2022 అక్టోబరు నుంచి ప్రభుత్వం వారి టెలిమానస్ 14416 నంబరు వున్నది. తెలుగులో మాట్లాడవచ్చు, పైకం అక్కరలేదు.

మన అమ్మాయి సంగతి మిగిలింది. గుట్టు బయటపడ్డ రాత్రి తండ్రి కేకలు వేశాడు, తల్లి ఏడ్చింది. ఆ తరువాత తల్లి బ్యాంకుకు రెండు నెలలు సెలవు పెట్టింది. పొద్దున ఏడున్నరకు బల్ల మీద సూదిమందు, పక్కన ఇడ్లీలు. పిల్ల మొదటి వారం కంచం తోసేసింది. రెండో వారం గంటన్నర కూర్చుని రెండు ఇడ్లీలు తిన్నది. కేజీ పెరిగిన రోజున తలుపు వేసుకుని బయటికి రాలేదు. మళ్లీ మర్నాడు ఏడున్నరకు సూదిమందు, ఇడ్లీలు. అత్తయ్య ఫోను చేసి, "పిల్ల ఇప్పుడెట్లా వుంది, లావెక్కిందా, చిక్కిందా?" అని అడిగితే అమ్మమ్మ ఫోను అందుకుని, "సినిమాకు పోయింది. దాని వొళ్లు సంగతి అడక్కు. సినిమా ఎట్లా వుందో అడుగు," అన్నది.